ముక్కోణపు ముద్ద

రాత్రి డిపోలో లెక్క అప్పజెప్పి
మద్దిలపాలెం నుంచి నడిచొచ్చేసరికి
ఇందుజ ఇంకా పడుకోలేదు.
చీకట్లో దాని ముక్కు ఒక్కటే
ఫోను వెలుతురులో తేలుతోంది.
"అమ్మా, ఇక్కడ ఆపి ఉంచాను. చూడు."

తెరమీద ఒక గిన్నె.
ఎవరో వేళ్ళు నొప్పెట్టేదాకా గీసిన ఆవిరి.
సగానికి కోసిన గుడ్డు, వణుకుతూ ఆగిన సొన.
పక్కన మూడు మూలల అన్నం ముద్ద
నడుముకి నల్లపట్టీ కట్టుకుని
బడికి బయల్దేరినట్టు నిలబడింది.

ఆ బొమ్మల భాష నాకొక్క ముక్క రాదు.
ఆరు నెలలుగా కంచంలో వేలితో గీతలు గీసి
లేచిపోతున్న పదమూడేళ్ళ పిల్ల
"ఇది తినాలనుంది" అంది,
తెలుగులోనే.

ఆదివారం నాకు ఆఫ్.
పూర్ణా మార్కెట్లో సోయా సాస్ దొరికింది.
నల్లపట్టీ సముద్రపు నాచట.
కొట్టాయన నవ్వాడు:
"బీచిలో కాలికి చుట్టుకుంటే విదిలించుకుంటాం కదమ్మా,
దానికి డబ్బులా?"

పులుసుకి పొగబెట్టి ఎండబెట్టిన చేప కావాలట.
ఫిషింగ్ హార్బర్లో మసేనమ్మ
గోనెపట్టా కింద తడిమి ఎండు సూర తీసింది.
పొగ లేదు, ఎండే.
గట్టుకేసి కొడితే చెక్కలా టక్కుమంది.
గీరి, మరిగించి, వడకడతామని చెప్పాను.
బుగ్గన చెయ్యి పెట్టుకుంది.
"కూరొండవా? సేపకి తానం సేయించి
ఆ నీళ్ళు తాగుతారేటమ్మా?"
అయినా ఇంకో ముక్క సంచిలో పడేసింది.
"తాగినాక సెప్పు, ఎలగుందో."

మా అత్త పదిహేనేళ్ళు
పలుకు పలుకుగా లేదని నా అన్నాన్ని దెప్పింది.
ఇవాళ వెతికి వెతికి కొత్తబియ్యం తెచ్చి
కావాలనే అతుక్కునేలా వండాను.
మూత తీసి "ముద్దయిపోయింది!" అని అరిచాను.
పక్కగదిలోంచి అత్త కంగారుగా వచ్చింది.
మేమిద్దరం నవ్వుతుంటే
ఆవిడ మూత వాసన చూసి వెళ్ళిపోయింది.

చెయ్యి తడిపి, ఉప్పు రాసుకుని,
లోపల పెట్టడానికి వాళ్ళ ఊరగాయ లేక
మాగాయ ముక్క పెట్టి మూశాను.
మూలలు రావు.
ఎన్నిసార్లు నొక్కినా గుండ్రమే.
దీనికి పళ్ళు రాని రోజుల్లో
పప్పన్నం కలిపి కలిపి
నా అరచెయ్యి ఒకే ఆకారం నేర్చుకుంది.

"అలా కాదమ్మా."
ఇందుజ నా చేతులమీద చేతులు వేసి వంచింది.
ఎన్నాళ్ళయిందో అది నన్ను ముట్టుకుని.
ఊపిరి గట్టిగా తీస్తే తీసేస్తుందేమోనని
అలాగే ఉన్నాను.
టికెట్ మెషిన్ నొక్కి నొక్కి కాయకాసిన బొటనవేలు
ఒక మూలకి పనికొచ్చింది.
మిగతా రెండూ దానివే.

నల్లపట్టీ బదులు ఆవిరి పట్టిన బచ్చలాకు.
గుడ్డు రెండు నిమిషాలు ఎక్కువుడికి
సొన సుద్దముక్కయింది.
సూర వాసనకి
కింది వాటావాళ్ళు కిటికీలు వేసుకున్నారు.
పులుసు మాత్రం...
పులుపు లేదు, కారం లేదు,
అయినా నాలుక వెనకాల ఎవరో
మెల్లగా దీపం పెట్టినట్టుంది.
మసేనమ్మకి ఇదెలా చెప్పాలో తెలీలేదు.

ఫోనులో ఆవిరి ఆపితే ఆగింది.
ఇక్కడ ఆగలేదు.
నా కళ్ళజోడు మసకబార్చి,
ఇందుజ ముంగురులు తడిపి,
ఉప్పుగాలిలోకి పోయింది.
అద్దాలు తుడుచుకుని చూసేసరికి
పళ్ళెంలో ముద్దలు రెండు తగ్గాయి.

సోమవారం మొదటి ట్రిప్పు.
సింహాచలంలో బండి తిప్పే లోపు
క్యారేజీ మూత తీశాను.
డ్రైవర్ అప్పలకొండ తొంగి చూశాడు.
"సమోసాకి సున్నం కొట్టారేంటి?"
నోట్లో అన్నం ఉంది.
మాగాయ ఇప్పుడే తగిలింది.
చెయ్యి ఊపాను, ఉండమని.